ఎడారి ధూళి – దాని రాకను ముందుగా చెప్పుట

రేపు వాన పడునా, ఎండ కాయునా అని ముందుగా చెప్పుట మనకు చిరపరిచితమైన విషయము. కాని గాలితోపాటు వచ్చు ధూళిని గురించి కూడ రెండు మూడు దినముల ముందే చెప్పవచ్చునని చాలమందికి తెలియదు. నేడు స్పెయిను దేశపు బార్సిలోనా నగరములోని ఒక కేంద్రము, సహారా ఎడారిలో లేచిన ధూళి ఏనాడు ఏ దేశముమీదికి వచ్చునో, అది నేలమట్టమున ఘనమీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాము లుండునో లెక్కించి, ప్రతిదినము పటములు గీసి ప్రకటించుచున్నది. ఈ విద్య పుట్టి ముప్పది నలుబది ఏండ్లకు మించలేదు. దానికి కావలసిన జ్ఞానము సమకూడుటకు మాత్రము నూటయేబది ఏండ్లకు పైగా పట్టినది. విచిత్రమేమనగా, ఆ జ్ఞానమును సమకూర్చిన వారిలో పెక్కుమంది ధూళిని వెదకుచు బయలుదేరినవారు కారు.

1832 జనవరి 16వ తేదీన ‘బీగిల్’ అను నౌక ఆఫ్రికా ఖండమునకు పడమట నున్న కేప్ వెర్డీ ద్వీపములలో, పోర్టో ప్రాయా రేవున లంగరు వేసినది. అందు ప్రయాణము చేయుచున్న చార్లెస్ డార్విన్‌కు అప్పటికి ఇరువది రెండేండ్లు. ఆకాశమంతయు మసకగా నుండెను. ఓడస్తంభము కొనను గాలిదిశ తెలియుటకు కట్టిన పలుచని వస్త్రమునకు గోధుమరంగు మెత్తని దుమ్ము అంటియుండుట చూచి, అతడు దానిని దులిపి పొట్లము కట్టి దాచెను. తరువాత భూగర్భశాస్త్రజ్ఞుడు లయల్ అతనికి మరి నాలుగు పొట్లము లిచ్చెను. అవి ఆ ద్వీపములకు ఉత్తరమున కొన్ని వందల మైళ్ల దూరములో వేరొక ఓడపై పడిన ధూళి. ఈ అయిదు పొట్లములను డార్విన్ బెర్లినులోని ఎరెన్‌బర్గ్ ఆచార్యునకు పంపెను. సూక్ష్మదర్శినితోనే కనబడు జీవులను గూర్చి ఆనాడు ఐరోపాలో అతడు గొప్ప ప్రమాణము.

ఎరెన్‌బర్గ్ ఆ కొద్దిపాటి దుమ్ములో అరువది యేడు రకముల జీవుల అవశేషములను గుర్తించెను. అందు రెండు మాత్రమే సముద్రజీవులు. మిగిలిన సూక్ష్మజీవులు మంచినీటిలో బ్రదుకునవి. వాని పెంకులు సిలికాతో చేయబడినవగుటచే, జీవి చచ్చినను పెంకు చెడదు. ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడినది. ధూళి పడునపుడెల్ల గాలి ఆఫ్రికావైపునుండి వీచుచుండెననియు, హర్మట్టాన్ అను పొడిగాలి ఎడారి దుమ్మును లేపు మాసములలోనే ఇది జరుగుచుండెననియు డార్విన్ ఓడల వృత్తాంతములను పదునైదింటిని వెదకి చూపెను. కావున ధూళి ఆఫ్రికాదే యని అతని నిశ్చయము. కాని ఎరెన్‌బర్గ్ ఎరిగిన ఆఫ్రికా జీవులలో ఒక్కటియు ఆ పొట్లములలో లేదు. పైగా, దక్షిణ అమెరికాలో మాత్రమే యుండునని అతడు తలచిన జాతులు రెండు అందు కనబడినవి. అతడు దక్షిణ అమెరికావైపే మొగ్గెను. అదియుగాక, నీటిలో పెరుగు జీవుల పెంకులు నీరులేని ఎడారిలో ఇంత విస్తారముగా ఎక్కడినుండి వచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూటయేబది ఏండ్లు పట్టినది. దానిని తరువాత చూతము.

డార్విన్‌ను ఆశ్చర్యపరచిన విషయము మరియొకటి కలదు. తీరమునకు మూడువందల మైళ్ల దూరమున పడిన ధూళిలో, అంగుళములో వెయ్యవవంతుకు మించిన రాతికణములు అతనికి కనబడినవి. అనగా ఇరువది యైదు మైక్రానులు. ఒక మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. మన తలవెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. ఇంత బరువైన కణములు అంతదూరము గాలిలో ఎట్లు నిలిచినవి? అట్లాంటిక్ నడిసముద్రమున పెట్టిన పరికరములలో 450 మైక్రానుల కణములు సైతము పడినట్లు 2018లో ప్రకటించినారు. మన లెక్కల ప్రకారము అవి అంతకు చాల ముందే నీటిలో పడిపోవలెను. డార్విన్ ఆశ్చర్యము నేటికిని పూర్తిగా తీరలేదనుకొనవచ్చును.

ఆ కాలముననే మన దేశములో ధూళితుఫానులను పరీక్షించిన వాడొకడు కలడు. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యములో వైద్యుడైన బాడెలీ, 1847లో లాహోరులో తన యింటి కప్పుమీద వెదురు నాటి, దానికి రాగితీగ కట్టి, తీగను గదిలోనికి తెచ్చి, బంగారురేకు విద్యుద్దర్శినికి కలిపెను. ధూళితుఫాను వచ్చునపుడు తీగలనుండి నిప్పురవ్వ లెగిరినవి. ధూళితుఫానులకు విద్యుత్తే కారణమని అతడు నమ్మి, 1860లో ఒక గ్రంథమును ప్రకటించెను. అది కారణము కాదు. ఎగురుచున్న కణముల రాపిడివలన పుట్టిన ఫలితము. అయినను అతని ప్రయోగమును తీసిపారవేయరాదు. ఇసుక లేచిన పిమ్మట పుట్టిన విద్యుత్తు మరికొంత ఇసుక లేచుటకు తోడ్పడునని ఈ శతాబ్దములో భౌతికశాస్త్రజ్ఞులు చూపినారు. ఉత్తరభారతమున ‘ఆంధీ’ యని పిలువబడు ఆ తుఫానులలో నిజముగా ఏమి జరుగుచున్నదో చివరలో చెప్పెదను.

ఐరోపాలో 1901 మార్చి 9వ తేదీనుండి 12వ తేదీవరకు గొప్ప ధూళిపాత మొకటి సంభవించినది. జర్మనీకి చెందిన హెల్మన్, మైనార్డస్ అను ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు పట్టణ పట్టణమునుండి సమాచారము తెప్పించి, ధూళి ఎచ్చట ఏ గంటకు పడినదో పటముమీద గుర్తించిరి. దక్షిణ అల్జీరియానుండి బయలుదేరి, మధ్యధరా సముద్రమును దాటి, ఇటలీ, ఆస్ట్రియా, జర్మనీలమీదుగా అది ఉత్తరమునకు సాగిన దారి స్పష్టముగా తేలినది. ఐరోపాలో పడిన ధూళి సుమారు పదునెనిమిది లక్షల టన్నులని వారు లెక్కవేసిరి. గాలి ఎటు పోవునో తెలిసినచో ధూళి ఎటు పోవునో తెలియునని దీనితో రుజువైనది. కాని గాలి వీచిన ప్రతిదినము ధూళి లేవదు. ఏ నేల, ఎంత గాలికి, ఎందుకు లేచును? దానికి లెక్క కావలెను.

ఆ లెక్కను కట్టినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్ అను బ్రిటిషు సైనిక ఇంజనీరు. 1926లో ఈజిప్టుకు బదిలీ అయిన ఈయనకు సెలవులలో ఫోర్డు మోటారుకార్లు వేసికొని లిబియా ఎడారిలో తిరుగుట వినోదము. ఇసుకలో దిగబడిన కారును మాటిమాటికి త్రవ్వి తీయవలసి వచ్చినవానికి ఇసుకను గూర్చి కుతూహలము పుట్టుట సహజమే. సైన్యమునుండి విరమించి, 1935లో లండను ఇంపీరియల్ కళాశాలలో స్వయముగా ఒక వాయుసొరంగమును నిర్మించి, అందు ఇసుక పరచి, గాలి వదలి, అద్దములగుండ చూచెను. 1941లో ‘గాలికెగురు ఇసుక, ఎడారి దిబ్బల భౌతికశాస్త్రము’ అను అర్థమిచ్చు పేరుతో వెలువడిన ఆయన గ్రంథము ఈ రంగములో నేటికిని చదువదగినది.

గాలి పెరిగినకొలది మొదట లేచునది సన్నని కణమే యని మనము అనుకొందుము. అది సరికాదని బాగ్నోల్డ్ చూపెను. అన్నిటికంటె సులభముగా కదలు కణము మిల్లీమీటరులో సుమారు ఎనిమిది శాతము, అనగా ఎనుబది మైక్రానుల వ్యాసము గలది. అంతకంటె పెద్దవి బరువుచే కదలవు. అంతకంటె చిన్నవి ఒకదాని కొకటి అంటుకొని యుండును. నేల నంటి యుండు పలుచని నిశ్చలవాయువులో దాగి కూడ ఉండును. సొరంగములో సిమెంటుపొడిని నున్నగా పరచి గట్టిగాలి వదలినను అది లేవలేదు. మరి తుఫానులో మెత్తని దుమ్ము ఎట్లు లేచుచున్నది? ఇసుకకణము గాలికి ఎగిరి, కొంతదూరము సాగి, మరల నేలను కొట్టును. ఆ దెబ్బకు మరికొన్ని కణములు ఎగురును. ఇట్లు గంతులు వేయు ఇసుక సుత్తివలె కొట్టగా అంటుకొనియున్న మెత్తని దుమ్ము విడివడి పైకి లేచును. ఇసుక మరల పడిపోవును. దుమ్ము గాలితో కలిసి సముద్రములు దాటును.

దీనిని పాఠశాలలో చూపుట కష్టము కాదు. వెడల్పు పళ్లెములో సిమెంటుగాని మెత్తని పిండిగాని నున్నగా పరచి, ఒక గొట్టముతో ప్రక్కనుండి మెల్లగా ఊదవలెను. పిండి అంతగా కదలదు. తరువాత పొడి ఇసుక కొంచెము చల్లి అదే బలముతో ఊదవలెను. భేదము కంటికి తెలియును. పిల్లలను కొంచెము దూరముగా నిలుపుట మంచిది.

బాగ్నోల్డ్ కనుగొన్న మరియొక నియమము సూచనలు చేయువారికి నేటికిని తలనొప్పి. ఎగురు ఇసుక పరిమాణము గాలివేగముయొక్క ఘనముతో పెరుగును. వేగము రెండింతలైనచో ఇసుక ఎనిమిదింతలు. గాలివేగమును ముందుగా చెప్పుటలో నూటికి పదివంతులు పొరపాటు జరిగినను, వాన సూచనకు పెద్ద నష్టము లేదు. కాని ధూళి లెక్కలో అది ముప్పదిమూడు వంతుల పొరపాటగును. విద్యార్థులు 1.1 ఘనమును కట్టి చూచుకొనవచ్చును. పైగా ఒక హద్దుకు లోబడిన గాలికి ఏమియు లేవదు. కావున హద్దుకు కొంచెము ఇటు అటు తప్పినచో ఉన్నదనుకొన్న ధూళి లేకపోవును, లేదనుకొన్నది వచ్చి పడును.

ఆ హద్దు నేలనుబట్టి మారును. ఈ సంగతిని ప్రపంచమునకు నేర్పినది అమెరికా మైదానములలో 1930 తరువాత వచ్చిన ఉపద్రవము. గడ్డిభూములను విచ్చలవిడిగా దున్ని గోధుమ వేసిరి. వరుసగా కరవు వచ్చినది. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమున నల్లని ధూళిగోడ మైదానములపై లేచి పగటిని చీకటి చేసినది. గాలులు, కరవులు ఆ ప్రాంతమునకు క్రొత్తవి కావు. గడ్డివేళ్లు పట్టి యుంచిన నేల విడిపోవుటయే క్రొత్త. ఆ నెలాఖరుకు ముందే, ఏప్రిల్ 27న, నేలకోతను అరికట్టు చట్టము అమలులోనికి వచ్చినది. తరువాత కాన్సాస్‌లో పనిచేసిన చెపిల్ అను శాస్త్రజ్ఞుడు మట్టిగడ్డల పరిమాణము, తడి, మోళ్లు, చాళ్ల దిశ – వీనిలో దేనివలన ఎంత ధూళి తగ్గునో సంవత్సరములతరబడి కొలిచెను. నేటి గణితనమూనాలలో నేలను గూర్చిన సూత్రములకు ఆ పొలములలోని కొలతలు ముఖ్యమైన ఆధారము.

ఇక సముద్రమునకు మరలుదము. వెస్టిండీసు ద్వీపములలో తూర్పుకొనన ఉన్నది బార్బడోస్. అక్కడినుండి ఆఫ్రికావరకు సుమారు నాలుగున్నరవేల కిలోమీటర్లు నీరే తప్ప నేల లేదు. అందుచే అక్కడి గాలి నిర్మలముగా నుండునని తలచి, 1965 ప్రాంతమున కొందరు శాస్త్రజ్ఞులు అంతరిక్షమునుండి రాలు ఉల్కాధూళిని పట్టుటకై సముద్రపు ఒడ్డున నైలాను వలలు కట్టిరి. వలలు ఎర్రగోధుమరంగుకు మారినవి. పట్టుబడినది ఆకాశపు ధూళి కాదు, సహారా ధూళి. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయమునకు చెందిన జోసెఫ్ ప్రాస్పెరో ఆ పనిని చేపట్టి, దశాబ్దములపాటు దినదినము కొలతలు తీయించెను. 1970 తరువాత సహారాకు దక్షిణమున నున్న సాహెల్ ప్రాంతమున ఘోరమైన కరవు వచ్చినపుడు, బార్బడోస్ గాలిలో ధూళి ఎంతో పెరిగినట్లు ఈ కొలతలలో తేలినది. ఒక ఖండపు కరవు మరియొక ఖండపు గాలిలో తూకమునకు వచ్చుట అదియే మొదటిసారి. 1972లో కార్ల్‌సన్, ప్రాస్పెరోలు ఈ ధూళి వెచ్చని పొడిగాలి పొరగా, అయిదారు కిలోమీటర్ల ఎత్తువరకు వ్యాపించి, వారము లోపల సముద్రమును దాటుచున్నదని వివరించిరి.

ఎరెన్‌బర్గ్ ప్రశ్నకు సమాధానము కూడ దారితప్పి వచ్చినదే. 1978 అక్టోబరులో అమెరికా ప్రయోగించిన నింబస్-7 ఉపగ్రహములో ఓజోనును కొలుచుటకు ‘టామ్స్’ అను పరికరము కలదు. అది అతినీలలోహిత కాంతిని కొలుచును. ఎడారి ధూళి ఆ కాంతిని పీల్చుకొనును గనుక, ఓజోను లెక్కలలో ధూళి ఒక దోషముగా కనబడెను. ఆ దోషమునే వేరుచేసి పటము గీయగా, ప్రపంచమున ధూళి లేచు తావులు ఒక్కసారిగా బయటపడినవి. 2002లో ప్రాస్పెరో బృందము ఆ పటములను పరిశీలించి ప్రకటించిన ఫలితము చాలమంది ఊహకు విరుద్ధము. ధూళి ఎడారి అంతటినుండి సమముగా లేచుట లేదు. ఇసుకదిబ్బలనుండి కూడ అంతగా లేచుట లేదు. చుట్టుప్రక్కల కంటె పల్లముగా నుండి, పూర్వము నీరు నిలిచి, తరువాత ఎండిపోయిన తావులనుండి లేచుచున్నది. వానిలో ప్రసిద్ధమైనది చాద్ దేశములోని బోడెలె పల్లము. కొన్ని వేల యేండ్లకు పూర్వము అది ఒక మహాసరస్సు అడుగు. నేడు అక్కడి నేల డయాటములనబడు సూక్ష్మజీవుల పెంకులతో నిండిన తెల్లని మెత్తని మట్టి.

ఎరెన్‌బర్గ్ లెక్కించిన మంచినీటి పెంకులు ఎడారిలో ఎక్కడివో ఇప్పుడు గ్రహింపవచ్చును. అతడు నీరున్నచోట బ్రదికిన జీవులతో పోల్చెను. వచ్చినవి నీరింకిన చోటులనుండి. 2007లో కొందరు శాస్త్రజ్ఞులు బెర్లిను మ్యూజియములో భద్రముగా నున్న అతని పొట్లములను తెరచి, ఆ ధూళి పశ్చిమాఫ్రికాదేయని రసాయనపరీక్షవలన నిర్ణయించిరి. డార్విన్ మాట నిలిచినది. అంతకాలము పొట్లములలో ఉన్న సూక్ష్మజీవులు కొన్ని ఇంకను బ్రదికియుండి, ఆహారము పెట్టగా పెరిగినవి కూడ!

ఇంతవరకు వచ్చిన తరువాత సూచన చేయుట సాధ్యమైనది. కంప్యూటరుతో వాతావరణ సూచన 1950లో అమెరికాలోని ఎనియాక్ యంత్రముపై ఆరంభమైనది. వాయుమండలమును గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని గాలి, ఉష్ణము, తేమ గంటగంటకు ఎట్లు మారునో లెక్కించుట ఆ పద్ధతి. అందు ధూళిని కూడ ఒక రాశిగా చేర్చి, నేలనుండి లేచునది, గాలితో పోవునది, బరువుచేతను వానచేతను రాలునది – ఈ మూటిని లెక్కించు పద్ధతిని బెల్‌గ్రేడుకు చెందిన నిక్కోవిచ్, డోబ్రిచిచ్‌లు 1996లో ప్రకటించిరి. 2001లో గ్రీసు శాస్త్రజ్ఞులతో కలిసి నిక్కోవిచ్ ప్రకటించిన ‘డ్రీమ్’ అను నమూనా పలుదేశములలో వాడుకలోనికి వచ్చినది. అదే సంవత్సరము జీనూ అను శాస్త్రజ్ఞుడు, చుట్టునున్న నేలకంటె ఎంత పల్లమైనచో అంత ఎక్కువ ధూళిని ఇచ్చునట్లు నమూనాలకు ఒక సూత్రమును కూర్చెను. ప్రపంచ వాతావరణ సంస్థ 2007లో ధూళితుఫానుల హెచ్చరికల వ్యవస్థను నెలకొల్పగా, ఉత్తరాఫ్రికా, మధ్యప్రాచ్యము, ఐరోపాలకు బార్సిలోనా కేంద్రమైనది. అక్కడ పలుదేశముల నమూనాలను ప్రక్కప్రక్కన పెట్టి, వాని మధ్యమమును సూచనగా ఇత్తురు. ఏ ఒక్క నమూనాను పూర్తిగా నమ్మరు. ఇది వివేకమైన పద్ధతియని నా అభిప్రాయము. ఏలనన, భూమిమీద ఏటేట లేచు ధూళి సుమారు రెండువందల కోట్ల టన్నులని చెప్పుదురుగాని, ఆ మొత్తమును గూర్చియే నమూనాల మధ్య కొన్ని రెట్ల భేదము కలదు.

ఈ సూచనలతో ప్రజల కేమి పని? గాలిలోని కణములలో పది మైక్రానులకు లోబడిన వానిని పి.ఎం.10 అనియు, రెండున్నర మైక్రానులకు లోబడిన వానిని పి.ఎం.2.5 అనియు అందురు. మొదటివి ముక్కు గొంతు దాటి శ్వాసనాళములను చేరును. రెండవవి ఊపిరితిత్తుల అడుగువరకు పోవును. మన దేశములో 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము ఒక దినపు సగటున పి.ఎం.10 ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు, పి.ఎం.2.5 అయితే 60 దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన హద్దులు ఇంకను తక్కువ – 45, 15. గట్టి ధూళితుఫానులో పి.ఎం.10 కొన్ని వేలకు చేరును. ఉబ్బసము గలవారు, గుండెజబ్బు గలవారు, చంటిపిల్లలు ముందు దెబ్బతిందురు.

ఐరోపాలో దీనివలన ఒక వివాదాస్పదమైన లెక్క పుట్టినది. నగరపు గాలి హద్దు దాటినచో ప్రభుత్వము జవాబు చెప్పుకొనవలెను. కాని సహారానుండి వచ్చిన దుమ్ముకు నగరమేమి చేయును? అందుచే ప్రకృతిసిద్ధమైన భాగమును కొలతనుండి తీసివేయుటకు 2008 నాటి ఐరోపా చట్టము అనుమతించినది. నగరములకు దూరముగా నున్న కేంద్రములలో సాధారణదినముల మట్టమును చూచి, ధూళిదినమున దానిపై పెరిగినంత సహారా ధూళిగా పరిగణింతురు. కార్యాలయపు లెక్కకు ఇది న్యాయమే. ఊపిరితిత్తులు మాత్రము ఈ తీసివేతను చేయవు. సహారా ధూళి వచ్చిన దినములలో పెద్దకణముల వలని మరణములు ఇతరదినములకంటె హెచ్చుగా నున్నట్లు బార్సిలోనా నగరమునుగూర్చి 2008లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. కాబట్టి చట్టము తీసివేసిన అంకెను ప్రజలకు చెప్పు అంకెనుండి తీసివేయరాదు.

‘ప్రకృతిసిద్ధము’ అను మాట కూడ అంత నిర్దుష్టము కాదు. కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సు నీటిని 1913నుండి కాలువద్వారా లాస్ ఏంజెల్స్ నగరమునకు మళ్లించిరి. 1926 నాటికి సరస్సు ఎండినది. ఆ అడుగు అమెరికా దేశమంతటిలో పి.ఎం.10 ధూళిని అత్యధికముగా లేపు తావైనది. వ్యాజ్యముల తరువాత 2001నుండి నగరము తిరిగి నీరు పారించుచు, గులకరాళ్లు పరచుచు, గడ్డి పెంచుచు రెండువందల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించినది. ధూళి చాలవరకు అణగినది. మధ్య ఆసియాలో ఆరల్ సముద్రము ఎండిన అడుగు ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్దది. దానిని అణచుట అంత సులభము కాదు.

సాహెల్ దేశములలో ధూళిసూచనకు మరియొక ప్రయోజనము కలదు. సెనెగల్‌నుండి ఇథియోపియావరకు వ్యాపించిన ప్రాంతములో మెదడుపొర వాపు జ్వరము హర్మట్టాన్ వీచు పొడికాలములో ప్రబలి, వానలు రాగానే తగ్గును. 1996–97లో అక్కడ రెండున్నర లక్షలమందికి సోకి, ఇరువది యైదు వేలమంది మరణించిరి. 2010నుండి వేసిన క్రొత్త టీకావలన ప్రధానమైన రకము దాదాపుగా అణగినది. ఇతర రకములు ఉన్నవి. కాలారంభములోని గాలిని, ధూళిని చూచి నైజర్ దేశములో ఆ యేటి తీవ్రతను కొంతవరకు ముందుగా అంచనా వేయవచ్చునని 2014లో చూపిరి. 2018నుండి బుర్కినా ఫాసో దేశమునకు ప్రాంతమువారీగా రంగులు వేసిన ధూళిహెచ్చరిక పటములు వెలువడుచున్నవి. పటము చదువుటకు అక్షరాస్యత అక్కరలేదు.

సూచన ఎక్కడ ఫలించును, ఎక్కడ తప్పును అను విషయమును రెండు ఉదాహరణములు తెలుపును. 2020 జూన్ మధ్యలో ఆఫ్రికానుండి బయలుదేరిన మహాధూళిమేఘము వెస్టిండీసును, పిదప అమెరికా దక్షిణతీరమును చేరునని దినములముందే చెప్పిరి. అట్లే జరిగినది. లేచిన ధూళి ఉపగ్రహమునకు కనబడుచున్నది. దానిని మోయు గాలిని గణితము ఎరుగును. దీనికి విరుద్ధముగా 2015 సెప్టెంబరులో సిరియా ఇరాకు సరిహద్దులలో లేచి ఇజ్రాయెల్, సైప్రస్ దేశములను దినములతరబడి కప్పిన ధూళిని నమూనాలు పట్టలేకపోయినవి. అక్కడ దుమ్మును లేపినది విశాలమైన గాలిప్రవాహము కాదు. ఉరుములమేఘము క్రింద వాన కురియునపుడు చల్లబడిన బరువైన గాలి ధబ్బున నేలమీదికి దిగి, నలువైపులకు పరచుకొనును. దాని ముందంచు దుమ్మును గోడవలె లేపును. సూడానులో దీనిని ‘హబూబ్’ అందురు. ఇరువది ముప్పది కిలోమీటర్ల వెడల్పు గళ్లతో లెక్కించు నమూనాకు ఒక మేఘము కనబడనే కనబడదు.

మన ‘ఆంధీ’ కూడ ఇదే. బాడెలీ తీగలో నిప్పురవ్వలు రేపినది ఈ ఉరుములమేఘపు తుఫానే. జోసెఫ్, రైపాల్, డేకా అను భారత వాతావరణ శాస్త్రజ్ఞులు వాయవ్యభారతపు ఆంధీ స్వరూపమును 1980లో ‘మౌసమ్’ పత్రికలో వివరించిరి. 2018 మే 2వ తేదీ రాత్రి రాజస్థానులోని అల్వార్, భరత్‌పూర్, ధోల్‌పూర్ జిల్లాలలోను, ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా ప్రాంతమునను ఇట్టి గాలులు విరుచుకొని పడి నూరుమందికి పైగా ప్రాణములు తీసినవి. గోడలు కూలి నిద్రలో మరణించినవారు అనేకులు. అదే యేడు జూన్‌లో ఢిల్లీపై కొన్ని దినములు నిలిచిన ధూళి ఇంకొక విధమైనది. అది రాజస్థాను వైపునుండి పడమటిగాలితో సాగివచ్చినది. ఇట్టి దానిని నమూనాలు చెప్పగలవు.

తెలుగుదేశము థార్ ఎడారికి దూరము. అయినను వేసవిలో అరేబియా సముద్రము దాటి వచ్చు ధూళి మనవరకు చేరుచుండును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఉపగ్రహచిత్రములను, హైదరాబాదులో నేలమీద తీసిన కొలతలను కలిపి ఇట్టి రాకను గూర్చి 2010లో ఒక పరిశీలనను ప్రకటించిరి. ఉపగ్రహము పైనుండి చూచునది గాలిస్తంభమంతటిలోని ధూళి. అందు ఎంత మన ముక్కు ఎత్తున ఉన్నదో అది చెప్పలేదు. పైనున్న పొర పైననే సాగిపోవచ్చును. అందుచే నేలమీది కొలత తప్పనిసరి.

ఆంధీ విషయములో మాత్రము దినముల ముందు చెప్పగలిగినది ‘ఈ ప్రాంతమున అవకాశము కలదు’ అని మాత్రమే. ఏ ఊరిని ఎన్ని గంటలకు తాకునో తెలిసికొనుటకు డాప్లర్ రాడారు కావలెను. చల్లని గాలి ముందంచు దాని తెరపై విల్లువలె వంగిన సన్నని గీతగా కనబడును. గీత కనబడిన తరువాత, మేఘము దూరమునుబట్టి, ప్రజలను హెచ్చరించుటకు మిగులునది అరగంట మొదలు రెండు గంటలు.